పికప్పా, మైలేజా?

సూరత్ రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్ల పక్కనే ఉన్న సలాబత్‌పురా సందుల్లో పని ఉంటే నడిచి వెళ్లడమే మేలు. బండి మీద వెళితే ముందు పోతున్న స్కూటరు మీది చీరల మూట మొహానికి తగిలే ప్రమాదం ఉంది. కాళ్ల దగ్గర ఒక మూట, సీటు మీద వెనక ఇంకోటి, దాని మీద మరోటి, మధ్యలో ఇరుక్కుని ఒక మనిషి. ఇద్దరు కూర్చుని కూరగాయలకు వెళ్లి రావడానికని తయారైన 110 సీసీ ఇంజన్ ఇక్కడ రోజంతా చిన్న లారీ పని చేస్తుంది. ఆ ఇంజన్‌కు పనితనం పెంచడమంటే రేసు గెలిపించడం కాదు. మూడు మూటలతో వంతెన ఎక్కేటప్పుడు ఆగిపోకుండా చూడటం, సాయంత్రానికి పెట్రోలు ఖర్చు కూలిని మింగేయకుండా చూడటం.

ఆ పని చేసే మెకానిక్‌ను వెతుక్కుంటూ వెళితే తెలుగువాడే దొరికాడు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. గుజరాతీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ నగరపాలక సంస్థ బడులు నడిపిన ఊరిది. లింబాయత్, ఉధనా వైపు తెలంగాణ పద్మశాలీలు తరాలుగా స్థిరపడ్డారు. ఇతని తండ్రి కరీంనగర్ జిల్లా నుంచి మరమగ్గం నడపడానికి వచ్చాడు. కొడుకు మగ్గం వదిలి స్పానర్ పట్టాడు. షాపంటే గోడకు ఆనించిన ఒక రేకు పెట్టె, ఒక చెక్క పీట, కిరోసిన్ డబ్బాలో నానుతున్న కార్బురేటర్లు. పేరు రాయవద్దన్నాడు. కారణం తర్వాత చెబుతాను.

నన్ను గిరాకీ అనుకుని మొదట అడిగిన ప్రశ్న: "సార్, పికప్ గావాల్నా, మైలేజ్ గావాల్నా?"

రెండూ కావాలన్నాను. నవ్వాడు. "రెండూ ఇస్తననెటోడు ఎలక్షన్ల నిలబడ్డోడే సార్."

రాజనీతి శాస్త్రంలో పీజీ చేసిన వాణ్ని కాబట్టి ఈ మాట నాకు కాస్త గట్టిగానే తగిలింది. ఇంజన్ గురించి కూడా ఇది అక్షరాలా నిజం. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇది లెక్క ప్రకారం సరిపోయే పాళ్లు మాత్రమే. ఇంజన్ నుంచి గరిష్ఠ బలం రావాలంటే మిశ్రమం చిక్కగా ఉండాలి, అంటే కిలోకు పన్నెండున్నర, పదమూడు కిలోల గాలి. పొదుపు కావాలంటే పలచన చేయాలి, పదిహేనున్నర, పదహారు దాకా. రెండు కోరికలూ ఒకే దారిలో ఎదురెదురు దిక్కులకు లాగుతాయి. మరీ చిక్కనైతే పెట్రోలు వృథా, ప్లగ్గుకు మసి, నల్లటి పొగ. మరీ పలచనైతే ఇంజన్ వేడెక్కుతుంది, వాల్వులు కాలతాయి. పాత రెండు స్ట్రోకుల బళ్లలో మరీ ప్రమాదం. వాటిలో చాలావాటికి ఆయిల్ కూడా పెట్రోల్లోనే కలిసి వస్తుంది కాబట్టి, పెట్రోలు తగ్గితే పిస్టన్‌కు అందే ఆయిలూ తగ్గుతుంది. మైలేజ్ కోసం స్క్రూ బిగించి, నెల తిరక్కుండా పిస్టన్ పట్టేసిన బండిని తోసుకొచ్చిన వాళ్ల కథలు మన ఊళ్లలోనూ తక్కువేమీ కాదు.

మిశ్రమం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇతని దగ్గర యంత్రమేదీ లేదు. ప్లగ్గు విప్పి చూస్తాడు. కాఫీ పొడి రంగులో ఉంటే సరే. కాటుకలా నల్లగా ఉంటే చిక్కన. విభూతి రంగుకు తిరిగితే పలచన. తర్వాత ఇంజన్ నడుస్తుండగానే కార్బురేటర్ పక్కనున్న చిన్న స్క్రూను పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పుతూ చెవి ఒగ్గుతాడు. ఎక్కడ శబ్దం నిండుగా, నిలకడగా వస్తుందో అక్కడ ఆపుతాడు. చూసేవాడికి ఇది మంత్రంలా కనిపిస్తుంది. వీధి చివర షాపుల పేరు ప్రతిష్ఠలన్నీ ఆ పావు చుట్టు మీదే నిలబడ్డాయి.

నిజానికి ఆ స్క్రూ అధికారం చాలా పరిమితం. బండి నిలబడి ఉన్నప్పుడు, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడు మాత్రమే దాని మాట చెల్లుతుంది. సగం దాటాక మెయిన్ జెట్ అనే రంధ్రం ఎంత పెద్దదన్నదే లెక్క, దాన్ని స్క్రూ మార్చలేదు. "స్క్రూ తిప్పి స్పీడు పెంచా" అనే మెకానిక్, తెలిసో తెలియకో, గిరాకీ మనసునే ట్యూన్ చేస్తున్నాడు. అయితే సలాబత్‌పురాలాంటి చోట బండి ఎప్పుడూ అంగుళం అంగుళం కదిలేదే కాబట్టి, ఇక్కడ ఆ పావు చుట్టుకు వేరే ఊళ్లకంటే ఎక్కువ విలువుంది.

ఇతను చేసే అసలు పని స్క్రూ జోలికి వెళ్లకముందే అయిపోతుంది. స్కూటర్ ఇంజన్‌ను చల్లబరిచేది ఒక చిన్న ఫ్యాను, దాని గాలిని ఇంజన్ చుట్టూ తిప్పే ఒక ప్లాస్టిక్ తొడుగు. మగ్గాల మధ్య, బట్టల గోదాముల మధ్య తిరిగే బళ్లలో ఆ తొడుగు లోపల నూగు పేరుకుంటుంది. నా ఎదుటే ఒక బండి తొడుగు విప్పితే లోపల దూదిపరుపు చిరిగినట్టుంది. ఇంజన్ దుప్పటి కప్పుకుని పని చేస్తోందన్నమాట. గాలి ఫిల్టర్‌దీ అదే గతి. గాలి అందకపోతే మిశ్రమం దానంతటదే చిక్కనవుతుంది, పెట్రోలు తాగుతుంది. ఆ పరిస్థితిలో స్క్రూ బిగించి పలచన చేయడం, ముక్కు మూసుకుపోయినవాడికి అన్నం తగ్గించడం లాంటిది. ఫిల్టర్ మార్చి, నూగు దులిపి, వాల్వు టాపెట్ల సందు సరిచేసి, పట్టుకుంటున్న వెనక బ్రేకు వదులు చేసి, టైర్లలో గాలి నింపితే చాలా బళ్లకు ఇక ట్యూనింగ్ అక్కర్లేదు. కానీ అలా చెబితే గిరాకీ నమ్మడట. గాలి నింపినందుకు వంద రూపాయలు ఎవరిస్తారు? అందుకని చివర్లో స్క్రూ కూడా ఒకసారి అటూ ఇటూ తిప్పి చూపిస్తాడు.

మూటల బళ్లకు ఇతను చేసే రెండో మార్పు ఇంజన్‌లో కాదు, పక్కనున్న బెల్టు పెట్టెలో. గేర్లు లేని స్కూటర్‌లో చక్రానికి ఎంత బలం, ఎంత వేగం అందాలో నిర్ణయించేవి చిన్న చిన్న గుండ్రటి రోలర్లు. వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి బెల్టును పై గేరులోకి నెట్టినట్టు చేస్తాయి. తేలిక రోలర్లు వేస్తే అవి ఆలస్యంగా జరుగుతాయి, ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతూ బరువు లాగుతుంది. ఎత్తు ఎక్కడం సులువవుతుంది, మైలేజ్ తగ్గుతుంది. బరువైనవి వేస్తే ఖాళీ రోడ్డు మీద హాయి, మూటలతో నరకం. మళ్లీ అదే ప్రశ్న, పికప్పా, మైలేజా? మూటకింతని కూలి వచ్చేవాడు పికప్ అడుగుతాడు, నెల జీతం మీద పనిచేసేవాడు మైలేజ్ అడుగుతాడు. ఒకే కంపెనీ బండి, ఒకే ఏడాదిది, ఇద్దరికీ రెండు రకాలుగా నడుస్తుంది.

చిన్న ఇంజన్ నుంచి పెద్ద బలం పిండే విద్య చరిత్రలో ఒకసారి అంతర్జాతీయ రాజకీయమే అయింది. తూర్పు జర్మనీలోని ఎంజెడ్ మోటార్‌సైకిల్ కర్మాగారంలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు, సైలెన్సర్ ఆకారంలోనే బలం దాగి ఉందని చూపించాడు. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో తాజా పెట్రోలు మిశ్రమం కొంత మండకుండానే పొగతో పాటు బయటికి జారిపోతుంది. పొగగొట్టాన్ని మధ్యలో ఉబ్బెత్తుగా, చివర సన్నగా చేస్తే, అక్కడి నుంచి తిరిగొచ్చే ఒత్తిడి అల ఆ జారిపోయే మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. 1961 నాటికి అతని 125 సీసీ ఇంజన్ పాతిక అశ్వశక్తి ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబరులో ఎంజెడ్ రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి అటే పశ్చిమానికి పారిపోయాడు. భార్యాపిల్లలను కారు డిక్కీలో దాచి గోడ దాటించారు. డెగ్నర్ ఆ రహస్యాన్ని జపాన్‌లోని సుజుకీకి చేరవేశాడు. మరుసటి ఏడాది సుజుకీ 50 సీసీ బండి మీద ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఈ కథ చెబితే మెకానిక్ కాసేపు ఆలోచించి, "అయితే మా పోరగాళ్లు సైలెన్సర్ కోసి పికప్ పెరిగిందంటరు గదా, అది ఉత్తదే" అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు. లోపలి పొరలు పీకేస్తే తిరిగొచ్చే అల గతి తప్పుతుంది, ముఖ్యంగా రెండు స్ట్రోకుల బండిలో కింది వేగాల దగ్గర బలం పడిపోతుంది. పెరిగేది చప్పుడే. చప్పుణ్ని బలమనుకునే జబ్బు ఇంజన్లకే పరిమితం కాదనుకోండి.

ఇతని గురువుల తరం విద్య వేరు. అప్పట్లో ట్యూనింగ్ అంటే సిలిండర్ హెడ్ విప్పి బొగ్గు గీకడం, సైలెన్సర్‌ను మంటలో కాల్చి లోపలి మసి రాల్చడం, ప్లాటినం పాయింట్ల సందు సరిచేయడం, అరిగిన సిలిండర్‌ను పావు మిల్లీమీటరు చొప్పున రీబోర్ చేసి పెద్ద పిస్టన్ వేయడం. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. లైసెన్స్ రాజ్యంలో దాని కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డారు జనం. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా పుష్పక్ పేరుతో స్కూటర్ చేసింది. అలా దొరికిన బండిని పారేసే ప్రశ్నే లేదు, బతికించుకోవాల్సిందే. వీధి మెకానిక్ అనే వృత్తి ఆ కొరతలో పుట్టింది. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లతో తాపీ నది సూరత్‌ను ముంచెత్తినప్పుడు ఈ వృత్తి విలువ ఊరంతటికీ తెలిసొచ్చింది. మునిగిన బండిని ఆత్రంగా కిక్ కొడితే సిలిండర్‌లోని నీరు కనెక్టింగ్ రాడ్‌ను వంచేస్తుంది. ముందు ప్లగ్గు తీసి, నీరు వంచి, ఒండ్రు కడిగి, ఆయిల్ మార్చాలి. నెలల తరబడి చేతి నిండా అదే పని అని చెబుతూ అతను కొంచెం గర్వపడ్డాడు.

పాత కాలం బంగారమని నేననడం లేదు. రెండు స్ట్రోకుల నీలి పొగను ఊరంతా పీల్చింది, ఎక్కువ పీల్చింది దాని పక్కనే చతికిలబడి స్క్రూ తిప్పినవాడు. ఆ బళ్లు పోవాల్సిందే, పోయాయి. బజాజ్ 2009 చివర్లో స్కూటర్లు మానేస్తున్నట్టు ప్రకటించింది, చేతక్ పేరు 2020లో బ్యాటరీ బండిగా తిరిగొచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన భారత్ స్టేజ్-6 నిబంధనలతో కొత్త స్కూటర్లలో కార్బురేటర్ దాదాపు మాయమైంది. ఇప్పుడు పొగలో ఆక్సిజన్‌ను ఒక సెన్సర్ కొలుస్తుంది, ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటర్ ప్రతి క్షణం నిర్ణయిస్తుంది. ఆ పావు చుట్టు స్క్రూ లేదు. పికప్పా, మైలేజా అన్న ప్రశ్నకు జవాబు ఫ్యాక్టరీలో రాసేశారు. ఆ జవాబు మునుపటికంటే మెరుగైనదే, పొగా తక్కువే. కాకపోతే మూడు మూటల మనిషిని ఎవరూ అడగలేదు.

చట్టం కూడా ఈ మధ్యకాలంలో బిగిసింది. కంపెనీ ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో తేల్చింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం అలా మార్చిన యజమానికి మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అంటోంది. పొగ, చప్పుడు హద్దు దాటితే జరిమానా పది వేల దాకా. సైలెన్సర్ కోసిన కుర్రాడికి ఇది పడాల్సిందే. కానీ పొగ పరీక్ష ఎలా జరుగుతుందో చూడండి. పెట్రోలు బండికి నిలబెట్టి, ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉంచి కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తారు. మన స్క్రూ అధికారం చెల్లేది సరిగ్గా అక్కడే. పరీక్షకు ముందు పావు చుట్టు పలచన, సర్టిఫికెట్ చేతికొచ్చాక పావు చుట్టు చిక్కన. పేరు వద్దన్నది ఇందుకే.

ఇప్పుడు అతని దగ్గరికి వచ్చే గిరాకీల కొత్త ఫిర్యాదు: "బండి మునుపటిలా లాగడం లేదు." బండిని ఎవరూ ముట్టుకోలేదు. మారింది పెట్రోలు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2030 అనుకున్న లక్ష్యం 2025కే పూర్తయింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది, శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. ఈ కలగలుపుకు సరైన గాలి పాళ్లు 14.7 కాదు, పదమూడున్నర. అంటే పాత పెట్రోలుకు సరిచేసిన కార్బురేటర్ ఉన్నచోటే ఉండి ఎనిమిది శాతం పలచనైపోయింది. కొత్త బళ్లలో సెన్సర్ గమనించి సరిదిద్దుకుంటుంది. 2012 నాటి బండిలో ఆ సెన్సర్ ఈ రేకు పెట్టె పక్కన కూర్చున్న మనిషే.

దేశంలోని కార్బురేటర్లన్నిటినీ ఢిల్లీ ఒకేసారి అర చుట్టు పలచన వైపు తిప్పినట్టయింది. దీనికి కారణాలు లేకపోలేదు. చమురు దిగుమతి బిల్లు తగ్గుతుంది, చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ పెరుగుతుంది. మైలేజ్ నష్టం గురించి నీతి ఆయోగ్ 2021 నివేదికే ముందుగా చెప్పింది, పది శాతం ఇథనాల్‌కు సరిచేసిన ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం అని. పాత బళ్ల రబ్బరు భాగాలు, గాస్కెట్లు కొన్ని ఇరవై, ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ఒప్పుకుంది, ఖర్చు తక్కువేనంది. పాత బళ్ల కోసం పది శాతం పెట్రోలును కూడా బంకుల్లో ఉంచాలని ఆ నీతి ఆయోగ్ నివేదికే సూచించింది. ఆ సగం మాత్రం మరచిపోయారు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచమన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది.

మూడు, నాలుగు శాతం అంటే ఎంత? రోజుకు అరవై కిలోమీటర్లు తిరిగే మూటల బండికి నాలుగైదు రూపాయలు. కారున్నవాడు నవ్వే మొత్తం. మూటలు మోసేవాడి లెక్కలో అది రోజూ ఒక కటింగ్ చాయ్‌కి దగ్గర. దాని మీద పికప్ తగ్గడం, తగ్గిన పికప్‌కు యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పడం, వేడి, రబ్బరు పైపు అదనం. విధానం మంచిదే కావచ్చు, కానీ దాని ఖర్చులో ఎక్కువ వాటా పడింది కొత్త బండి కొనలేని వాడి మీద. ఒక జెట్, రెండు రబ్బరు వాషర్లు, ఒక పైపు కలిపి కంపెనీలే పాత మోడళ్లకు చవకగా కిట్ అమ్మేలా ప్రభుత్వం చెప్పి ఉంటే సరిపోయేది. ఇథనాల్ సభల్లో ఇలాంటి చిన్న సరుకుల గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ పని ఇక్కడ చెవితో, కంటితో జరుగుతోంది. నేను కూర్చున్న సాయంత్రం అరవై దాటిన ఒక మూటల మనిషి వచ్చాడు, సొంత ఊరు వరంగల్ వైపు. "ఏం కాక, మళ్ల లాగుత లేదా?" అని అడుగుతూనే మెకానిక్ ప్లగ్గు విప్పాడు. విభూతి రంగు. వారం కిందటే ఒక సైజు పెద్ద జెట్ వేశాడట. తొడుగులో నూగు లేదు, ఫిల్టర్ కొత్తది, రోలర్లు తేలికవి. చేయాల్సినవన్నీ చేసి ఉన్నాయి. ఇంకో సైజు పెద్దది వేయాలన్నాడు. వేస్తే వంతెన ఎక్కుతుంది, మైలేజ్ ఇంకాస్త పోతుంది.

"ఎక్కనియ్ బిడ్డా," అన్నాడు పెద్దాయన. "తోసుడు నాతోని అయితలేదు."

ఆ సైజు జెట్ పెట్టెలో లేదు. కుర్రాణ్ని స్పేర్ పార్టుల షాపుకు పంపి, మెకానిక్ ప్లగ్గును తుడిచి మళ్లీ బిగించాడు. పెద్దాయన మూటల పక్కనే పీట మీద కూర్చున్నాడు.